గిండీలో జింకలకు చెట్లు కాదు, బయలు కావాలి

కృష్ణజింకల కోసం గిండీ జాతీయ పార్కులో ఇంకా మొక్కలు నాటాలన్నారు ఈమధ్య వచ్చిన ఒక వ్యాసంలో. ఉద్దేశం మంచిదే కానీ వైద్యం తిరగబడుతుంది. చుక్కల దుప్పి పొదల్లోనూ బతికేస్తుంది. కృష్ణజింకకు రక్ష దాని చూపు, పరుగు. ఎదురుగా పొద లేస్తే రెండూ పోతాయి. ఉన్నదే 2.7 చదరపు కిలోమీటర్లు, చుట్టూ చెన్నై.

ముందు చేయాల్సింది బయలును ముళ్ల పొదలుగా కమ్మేసే సర్కారు తుమ్మను తీయడం. అది కూడా నేలమట్టానికి నరికితే లాభం లేదు, మొదలు నుంచి పది కొమ్మలు లేస్తాయి. చిగురించే మొగ్గలు మట్టికి కాస్త కిందే ఉంటాయి కాబట్టి జానెడు లోతున వేరు తెగాలి. ఈశాన్య రుతుపవనాలు పోయాక, జనవరిలో, నేల మెత్తగా ఉంటుంది. ఎండాకాలపు కాయ కూడా ఇంకా పండదు. పండిందా, తీపి కాయలు దుప్పులు తింటాయి, గింజలు పేడలో చెక్కుచెదరకుండా పడి మొలుస్తాయి. అందుకే ఒక్కసారి తవ్వి వదిలేస్తే కుదరదు. ఏటా వానల తర్వాత, వేలెడు మొలకలుగా ఉన్నప్పుడే చేత్తో పీకాలి. మోకాలెత్తు పెరిగితే మళ్లీ గునపమే.

కంచె సందుల్లోంచి చిప్స్ పెట్టేవాళ్లకో మాట: ఉప్పు వాసనకు జింక కవరు కూడా మింగేస్తుంది. నెమరువేసే జంతువు కాబట్టి ప్లాస్టిక్ దాని పొట్టలోని మొదటి గదిలోనే ఉండలు కడుతుంది, కడుపు నిండినట్టే అనిపించి జింక మేత మానేస్తుంది.