మెచ్యూరిటీ కాలమ్ గారికి, ఒంగోలు నుంచి

మహారాజశ్రీ మెచ్యూరిటీ కాలమ్ గారి దివ్యసముఖమునకు,

ఒంగోలు కర్నూలు రోడ్డు పక్కన ఓ మేడ రెండో అంతస్తు నుంచి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. ఎక్సెల్ షీటులో లైసెన్సుకీ రిమార్కులకీ మధ్యన తమరు కూడా క్షేమమని తలుస్తాను.

తమర్ని మా క్లయింటు వాళ్లు పంపారు. రొయ్యల చెరువుల లెక్కలు చూసే మా చిన్న యాప్‌లో ఎన్ని ఓపెన్ సోర్సు కాంపొనెంట్లు (ఎవరో రాసి అందరూ వాడుకోమని ఊరికే పెట్టిన కోడు ముక్కలు) ఉన్నాయో రాసి, ఒక్కోదాని ఎదురుగా కొత్తది, ఎదుగుతోంది, స్థిరపడింది, వదిలేశారు అనే నాలుగింటిలో ఒకటి పెట్టమన్నారు. మేం తెచ్చుకున్నవి పాతికే. వాటి వెంట వచ్చినవీ, ఆ వచ్చినవాటి చంకనెక్కి వచ్చినవీ కలిపితే 312 తేలాయి. గడువు శుక్రవారం.

వయసు కట్టడం మా ఊరికి తెలియని విద్య కాదు. బండలాగుడు పందేల్లో ఎడ్ల జతల్ని రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విడదీస్తారు. అక్కడ యజమాని మాట ఎవడూ వినడు. ఒకాయన ముక్కుతాడు పట్టుకుంటే ఇంకొకాయన కింది పెదవి లాగి చూస్తాడు. పై దవడకి ముందు పళ్లుండవు, కాబట్టి సంగతంతా కింద పళ్లలోనే. చిన్నప్పుడు మా బాబాయి నా వేలు పట్టుకుని ఓ కోడె నోట్లో పెట్టించాడు. పాలపళ్లు చిన్నగా తగిలాయి, వాటి మధ్యన కొత్తగా లేచిన రెండు మాత్రం పలుగు అంచంత వెడల్పు. మోచేతి దాకా చొంగ కారింది గానీ, లెక్క మాత్రం తప్పలేదు.

తమరు చొంగ అంటించుకోరు. స్టార్లెన్ని అని అడుగుతారు. స్టారంటే, కోడు పెట్టుకునే సైటులో ఎవడో అర్ధరాత్రి చూసి 'తర్వాత చదువుదాంలే' అని నొక్కిపోయిన బటను. నేనూ కొన్ని వందలు నొక్కాను, ఒక్కటీ చదవలేదు.

నిరుడు బిల్లులు పిడిఎఫ్ చేయడానికి 14 వేల స్టార్లున్న కాంపొనెంటు ఒకటి పెట్టుకున్నాం. తమరి పద్ధతిలో 'స్థిరపడింది', పచ్చ రంగు. మొదటి మేత బిల్లు తీసుకున్న రైతు కాగితాన్ని దూరంగా పట్టి చూశాడు, దగ్గరగా పట్టి చూశాడు. "ఏందబ్బయ్యా, మా అమ్మ పేరు ఇట్టా ఇరగ్గొట్టారు?" అన్నాడు. లక్ష్మమ్మ గారు అందులో లక్‌ష్‌మమ్‌మ అయి కూర్చున్నారు. వెతికితే, మన లిపుల్లో ఒత్తులు విడిపోతున్నాయని ఎవరో పెట్టిన ఫిర్యాదు నాలుగేళ్లుగా అలాగే ఉంది. కింద అరవై మంది బొటనవేలు చూపించి వెళ్లారు. జవాబు లేదు. చివరికి అక్షరాలు అల్లే పని హార్ఫ్‌బజ్‌కి అప్పజెప్పాం. క్రోమ్‌లో, ఆండ్రాయిడ్‌లో తెలుగు సరిగ్గా కనబడుతోందంటే అది లోపల చేసే చాకిరీయే.

తమరి రెండో సూత్రం: 90 రోజుల్లో మార్పు లేకపోతే ఎరుపు. ఈ లెక్కన టెక్ అనే అక్షరాల కూర్పు ప్రోగ్రాం ఏనాడో చచ్చిపోయింది. డొనాల్డ్ క్నూత్ దాన్ని 1978లో తెచ్చారు. ఇప్పుడాయన కొన్నేళ్లకోసారి తప్పుల మూట విప్పి, సరిచేసి, వెర్షన్ నంబరుకి గణితంలోని π (పై) విలువలోంచి ఇంకో అంకె తగిలిస్తారు. చివరిసారి 2021లో. నంబరు 3.141592653. పనైపోయినదానికీ ప్రాణం పోయినదానికీ తమరి దగ్గర ఒకటే రంగు.

మూడోది కమ్యూనిటీ. ఎంతమంది ఉంటే అంత మంచిదట. ఎస్‌క్యూలైట్ అని సమాచారం దాచే చిన్న డేటాబేసు ఉంది, ప్రతి స్మార్ట్‌ఫోనులోనూ ఉంటుంది. రాసేవాళ్లని ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, బయటివాళ్ల కోడు మామూలుగా తీసుకోరు. అయినా 2050 దాకా మేం చూసుకుంటాం అని రాసిచ్చారు. తమరు వీళ్లకి మార్కులు కోస్తారు.

ఇక ఎక్స్‌జెడ్ సంగతి. ఫైళ్లు కుదించే సామాను, లైనక్సులన్నిటా ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని ఒక్కడే మోశాడు. అలసిపోయానని చెప్పుకున్నాడు కూడా. 2021లో జియా టాన్ అనే పేరుతో ఒకరు సాయానికొచ్చారు. పక్కనుంచి ఇంకొందరు, పనులు ఆలస్యమవుతున్నాయి, అతనికి అప్పగించరాదా అని పోరు పెట్టారు. అప్పగించాడు. కొత్తాయన చకచకా పనిచేశాడు. తమరు ఆ రోజుల్లో చూసి ఉంటే మనుషులు పెరిగారు, మార్పులు పెరిగాయి అని 'ఎదుగుతోంది' పెట్టి ఉండేవారు. దొంగకి తాళం చెవి అందిన రోజే తమరు మార్కులు వేసేవారన్నమాట. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 5.6.0లో దొంగదారి పెట్టారు. మార్చి 29న దాన్ని బయటపెట్టింది ఏ షీటులోని కాలమూ కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, సర్వర్లోకి లాగిన్ అవడానికి అరసెకను ఎక్కువ పడుతోందేమిటని కూపీ లాగాడు. పెదవి లాగి చూసే మనిషంటే అదీ.

ఫోర్కుల దగ్గర, అంటే ఒకరి కోడు నకలు తీసుకుని వేరు కాపురం పెట్టినవాటి దగ్గర, తమరేం చేస్తారో కూడా చెప్పరూ? మా ఒంగోలు పశువుల్ని ఒకప్పుడు ఓడలెక్కించి బ్రెజిల్ పట్టుకెళ్లారు. మన నెల్లూరు పేరే దానికి నెలోర్ అని పెట్టుకున్నారు. ఇప్పుడు అక్కడ కోట్లలో ఉన్నాయి, ఇక్కడ మంచి కోడె కావాలంటే వాకబు చేయాలి. తమరి షీటులో మూలం 'వదిలేశారు', ఫోర్కు 'స్థిరపడింది' అయి ఉండేవి. మా బాబాయి ముందు మాత్రం ఆ ముక్క అనకండి.

దానమిచ్చిన ఆవుకి పళ్లెంచినట్టు అని సామెత. నేనైతే ఎంచాల్సిందే అంటాను, పాలు రైతుల లెక్కల్లోకి పోతాయి కదా. కాకపోతే 312 ఆవుల పళ్లెంచే షీటులో గడ్డి ఎవరు వేస్తున్నారనే గడి ఒక్కటీ లేదు. క్లయింటు వేయలేదు, మేమూ వేయలేదు. ఆ గడి ఒకటి కలపమని అడిగితే ఫార్మాట్ మారుతుందన్నారు.

ఇట్లు,
విధేయుడు,
షీటు నింపువాడు

తా.క.: 312వ వరుసలో ఉన్నది మాదే. ఆ ఒత్తుల తగాదా తీర్చడానికి నేను రాసి, పదిమందికీ పనికొస్తుందని ఓపెన్ సోర్సుగా పెట్టాను. స్టార్లు 3. ఒకటి నాది, ఒకటి పక్క సీటువాడిది. మూడో మనిషెవరో తెలియదు. కన్నడంలో ఒక ఒత్తు జారిపోతోందని ఎవరో ఎనిమిది నెలల కింద రాశారు. దాని కింద ఇంకో వాక్యం: 'దీన్ని ఇంకా ఎవరైనా చూస్తున్నారా?' సంక్రాంతి కాగానే చూద్దామనుకున్నా. వినాయక చవితి కూడా వెళ్లిపోయింది. ఆ గడి ఖాళీగా వదిలాను, తమరే నింపుకోండి.