చూపు తగ్గిన పాఠకుడి సంగతేంటి?

అమెరికాలోని మన తెలుగు సంఘం కార్యక్రమాల్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుంటే తరచుగా వినపడే మాట ఒకటుంది: "పుస్తకం పట్టడం మానేశానమ్మా, అక్షరాలు అలుక్కుపోతున్నాయి." షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నవాళ్లు, గ్లాకోమా ఉన్నవాళ్లు, మాక్యులర్ డీజెనరేషన్‌తో చూపు మధ్యలో మసక పడ్డవాళ్లు. కళ్లు బాగానే ఉన్నా పార్కిన్సన్స్‌తో చేయి వణికి పేజీ నిలవనివాళ్లూ ఉన్నారు. దీనికి పిల్లలు చూపించే మందు యూట్యూబ్. తప్పేం లేదు. కానీ జీవితమంతా నవలలు చదివిన మనిషికి ఆటోప్లే వినిపించింది వినడం వేరు, తనకు కావాల్సిన పుస్తకం ఎంచుకుని మొదటి నుంచి చివరిదాకా వినడం వేరు.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఇందుకోసం ఎప్పటినుంచో ఒక ఏర్పాటు ఉంది. 1931లో ప్రాట్-స్మూట్ చట్టం చేసి, చూపులేని పెద్దలకు పుస్తకాలు అందించే బాధ్యతను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు అప్పగించారు. 1934 నుంచి గ్రామఫోన్ రికార్డుల మీద టాకింగ్ బుక్స్ పంపడం మొదలైంది. 1952లో పిల్లలకు, 1966లో శారీరక ఇబ్బంది వల్ల అచ్చు పుస్తకం చదవలేనివారికి ఈ సేవను విస్తరించారు. దాన్నే ఇప్పుడు నేషనల్ లైబ్రరీ సర్వీస్, పొట్టిగా ఎన్ఎల్ఎస్ అంటున్నారు. పూర్తిగా చూపు పోయి ఉండనక్కర్లేదు. కళ్లజోడు పెట్టుకున్నా మామూలు అచ్చు చదవలేకపోతే చాలు. పౌరసత్వమూ అక్కర్లేదు, ఇక్కడ నివాసం ఉంటే సరిపోతుంది. గ్రీన్ కార్డు మీద ఉంటున్న అమ్మానాన్నలకూ ఇది వర్తిస్తుంది.

ఫారం ఒకటి నింపాలి. దాని మీద డాక్టరు, నర్సు, ఆప్టోమెట్రిస్టు, సోషల్ వర్కరు, లేదా లైబ్రేరియన్ సంతకం చేస్తే చాలు. పెద్ద పెద్ద బటన్లున్న ప్లేయర్‌ను ఇంటికే పంపి వాడుకోనిస్తారు. పుస్తకాలు కార్ట్రిడ్జిలో పోస్టులో వస్తాయి. విన్నాక డబ్బాలో పెట్టి, అడ్రసు కార్డు తిప్పి, మెయిల్‌బాక్సులో వేస్తే వెనక్కి వెళ్లిపోతుంది. స్టాంపు కూడా అక్కర్లేదు. ఫోన్ వాడగలిగినవాళ్లకు ఆ పుస్తకాలనే దించుకుని వినే బార్డ్ యాప్ ఉంది. ఇందులో ఎక్కడా డాలరు ఖర్చు లేదు. ఉచితమంటే ముందుండే మనం ఈ ఒక్క చోట వెనకబడ్డామంటే కారణం మొహమాటమే. "మా నాన్నగారికి బ్లైండ్ వాళ్ల లైబ్రరీ ఎందుకండీ" అని కొడుకులే అడ్డుపడతారు. నాన్నగారిని మాత్రం ఎవరూ అడగరు.

పిల్లల విషయంలో ఈ మొహమాటం ఇంకా ఎక్కువ. డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా అక్షరాలు చదవడంలో ఇబ్బంది, ఉన్న పిల్లలూ ఈ సేవకు అర్హులే. 2021 నుంచి అందుకు డాక్టరు సంతకం కూడా తప్పనిసరి కాదు, టీచరు సంతకం చేసినా చెల్లుతుంది. బుక్‌షేర్ అనే మరో లైబ్రరీ కూడా అర్హులైన స్కూలు పిల్లలకు ఉచితం. కానీ స్పెల్లింగ్ బీ ట్రోఫీలు మెరిసే మన సమాజంలో "మావాడికి చదవడం కష్టం" అని చెప్పడానికి తల్లిదండ్రులకు నోరు రాదు. ఆ టెన్షనంతా పిల్లాడే మోస్తాడు.

ఇంతవరకూ ఇంగ్లీషు పుస్తకాల మాట. తెలుగు దగ్గరికి వచ్చేసరికి అలమర పలచబడిపోతుంది. చట్టం అడ్డమా అంటే, అడ్డం ఎప్పుడో తొలగింది. 2012లో సవరించిన భారత కాపీరైట్ చట్టం వైకల్యం ఉన్నవారికోసం పుస్తకాన్ని వేరే రూపంలోకి మార్చే అవకాశం ఇచ్చింది. అలా మార్చిన పుస్తకాలు దేశాల సరిహద్దులు దాటేలా 2013లో మరాకెష్ ఒప్పందం వచ్చింది. దాన్ని అందరికంటే ముందు, 2014లో ఆమోదించిన దేశం భారతదేశం. 2019లో అమెరికా కూడా చేరింది. భారతదేశంలో 2016 నుంచి సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ నడుస్తోంది.

మరి చిక్కెక్కడ? పెద్ద చిక్కు మన డీటీపీలో, అంటే కంప్యూటర్ మీద పుస్తకం కంపోజ్ చేసే పద్ధతిలో, ఉంది. ఏళ్ల తరబడి తెలుగు పుస్తకాలు ఎక్కువగా అను ఫాంట్లలో కంపోజ్ అయ్యాయి. ఆ ఫైల్లో మన కంటికి 'అ' కనిపిస్తుంది గానీ కంప్యూటర్ లోపల ఉండేది మరేదో గుర్తు. తెర మీది అక్షరాలను పైకి చదివే స్క్రీన్ రీడర్‌కు ఆ ఫైలు ఇస్తే అర్థంలేని గోల వినిపిస్తుంది. అదే ప్రతి తెలుగు అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే గుర్తు ఉండే యూనికోడ్‌లో ఉంటే మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ కూడా తెలుగు గొంతుతో చదివి పెడుతుంది. ఇక పాత పుస్తకాలను స్కాన్ చేసి పెట్టినవి ఉన్నాయి. అవి ఉత్త ఫొటోలు. బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే ఓసీఆర్‌తో అక్షరాలుగా మార్చినా వత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి, మనిషి కూర్చుని దిద్దాల్సిందే.

1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు వేసుకుని కృష్ణా కాలువ వెంట ఊరూరా అందించారు. పాఠకుడు రాలేకపోతే పుస్తకమే వెళ్లాలని మనకు ఎవరో కొత్తగా నేర్పక్కర్లేదు. అయినా మన సంఘాలు మహాసభలకు వేసే సావనీర్లు చూడండి. మెరిసే కాగితం, రంగు బొమ్మ మీద సన్నటి తెల్ల అక్షరాలు, వెబ్‌సైట్‌లో అదే పుస్తకం అను ఫాంట్ల పీడీఎఫ్. అసలు తెలుగు బాగా చదవగలిగే తరానికే అది అందదు.

నేను కోరేది భారీ ప్రాజెక్టు కాదు. సావనీర్ బడ్జెట్‌లో కొంత తీసి ప్రతి సంచికకూ యూనికోడ్ ఈపబ్ (ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకుని చదవగల ఈ-పుస్తకం) ఒకటి చేయించండి. రచన పంపేటప్పుడు నింపే అనుమతి పత్రంలో "ఈ రచనను ఆడియోగా చదివి పంచుకోవచ్చు" అని ఒక వాక్యం కలపండి. మన రచయితలు మన మధ్యే ఉన్నారు, అడిగితే కాదనరు. చదవడానికి మన రేడియో గొంతులు ఉండనే ఉన్నాయి. (పిల్లల వాలంటీర్ గంటలకు పనికొస్తుంది, వాళ్ల చేత చదివిద్దాం అని కమిటీలో ఎవరో అంటారు. వద్దు. వినేవాళ్ల మీద కాస్త దయ ఉంచండి.) మహాసభల్లో నగల స్టాళ్ల పక్కన ఒక బల్ల వేసి ఎన్ఎల్ఎస్ ఫారాలు నింపించండి. సభలకు వచ్చే వందలాది డాక్టర్లలో ఇద్దరు అక్కడే కూర్చుంటే సంతకాల పనీ అయిపోతుంది.

ఈ వ్యాసాన్ని నేను యూనికోడ్‌లోనే పంపిస్తున్నాను. సంచికలోకి ఎక్కేటప్పుడు ఏ ఫాంటులోకి మారుతుందో సంపాదకులు చెప్పాలి.