వ్యామ్ పొడి వేస్తే నీళ్లు అక్కర్లేదా?

“గుంతలో గుప్పెడు వ్యామ్ పొడి, కాస్త డీఏపీ వేసి నాటితే వేపైనా, కానుగైనా, చీనీ (బత్తాయి) అయినా అనంతపురం ఎండల్లో నీళ్లు పోయకుండానే బతుకుతుంది, ఏ నేలకైనా ఇది తప్పనిసరి” అన్న సందేశం, తెల్లటి బూజు అల్లుకున్న వేళ్ల ఫొటోతో సహా, మన ప్రాంత రైతుల ఫోన్లలో తిరుగుతోంది. దీన్ని నమ్మి మొక్కలను పోగొట్టుకోకూడదనే ఈ ఖండన.

ముందుగా నీళ్ల సంగతి. వ్యామ్ అంటే మొక్క వేళ్లలో చేరి దానితో కలిసి బతికే శిలీంధ్రం. అది నీటిని పుట్టించదు. వేరు నూగు కంటే సన్నని దాని పోగులు, వేరు అప్పటికే పీల్చేసిన మట్టిని దాటి కొన్ని సెంటీమీటర్ల దూరం పాకి, ఎండిన నేలలో దాదాపు కదలని భాస్వరాన్ని మొక్కకు చేరవేస్తాయి. అలా పోషణ అందిన మొక్క బెట్టను కొంత ఎక్కువ కాలం ఓర్చుకుంటుందనేది నిజమే. అయితే ఆ శిలీంధ్రానికి తిండి మొక్క ఇచ్చే చక్కెరే. ఆకు తయారుచేసుకున్న దానిలో 20 శాతం వరకు అటు పోవచ్చు. తేమ బొత్తిగా లేనప్పుడు ఆకు రంధ్రాలు మూసుకుపోయి చక్కెర తయారీయే తగ్గుతుంది కనుక, మొదటి వేసవి దాటేదాకా పాదుకు నీళ్లు పోయక తప్పదు.

డీఏపీ సలహా మరీ విరుద్ధమైనది. ఎరువుల లెక్కలో 46 శాతం భాస్వరమున్న ఆ ఎరువు వేరు పక్కనే దండిగా దొరికితే, మొక్క శిలీంధ్రాన్ని వేరులోకి అంతగా రానివ్వదు.

ఫొటోలోని తెల్లటి బూజు వ్యామ్ కానే కాదు. వేరును కాస్టిక్ పొటాష్ (పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం) ద్రావణంలో ఉడికించి, రంగు అద్ది, సూక్ష్మదర్శిని కింద పెడితేనే కణాల లోపల చిన్న చెట్ల కొమ్మల్లా చీలిన వ్యామ్ నిర్మాణాలు కనిపిస్తాయి.

ఇక “ఏ నేలకైనా తప్పనిసరి” అన్న మాట. వేరుశనగ, జొన్న, కంది పండే చేలల్లో ఈ శిలీంధ్రాలు సహజంగానే ఉంటాయి. అవి నశించిన చోటే బయటినుంచి వేయడం బాగా అక్కరకొస్తుంది. మందుపొగతో శుద్ధిచేసిన నర్సరీ మట్టిలో నిమ్మజాతి నారు గిడసబారడానికి ఈ శిలీంధ్రం లేకపోవడమే కారణమని క్లైన్‌ష్మిట్, గెర్డెమన్ అనే శాస్త్రవేత్తలు 1972లోనే ప్రకటించారు. చీనీ నారు పెంచే మనవాళ్లు గుర్తుపెట్టుకోవలసిన విషయమిది. కడప జిల్లా ఎర్రగుంట్ల పక్క సున్నపురాయి గనుల మట్టికుప్పల మీద మొక్కలు పెంచదలచినా దీని అవసరం ఉంటుంది.

వేయదలచినవారు నర్సరీ కవరులోనే, వేళ్లకు తగిలేలా వేయాలి. ఆ దశలో కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని ద్రావణం పోస్తే వేసిన శిలీంధ్రమే దెబ్బతింటుంది.