ఒట్టిపోయిన నా హాలిడే మెంబర్‌షిప్పుకు

మహారాజశ్రీ 25 ఏళ్ల హాలిడే మెంబర్‌షిప్పు గారికి, కూకట్‌పల్లి నుంచి తమ ఓనరు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అనడానికి లేదు. ఇక్కడ నేను చిక్కిపోయాను. తమరు మాత్రం బొద్దుగా ఉన్నారని మొన్న వచ్చిన ఏఎంసీ (ఏటా కట్టే నిర్వహణ ఛార్జీ) బిల్లు వల్ల తెలిసింది.

మన పరిచయం గుర్తుందా? మాల్‌లో లక్కీ డ్రా చీటీ మీద ఫోన్ నంబరు రాశాను. "గిఫ్టు తగిలింది సార్, మేడమ్‌ని కూడా తీసుకురండి" అన్నారు. ఒక్క హాట్‌బాక్సు కోసం హోటల్ హాల్లో మూడు గంటలు కూర్చున్నాం. "ఒక్కసారి కొంటే 25 ఏళ్లు ఏటా మా రిసార్టుల్లో బస, ఈ రేటు ఈరోజుకే" అన్నాడా కుర్రాడు. కార్డు గీకేశాను. హాట్‌బాక్సు మూత మూడో నెలలోనే విరిగింది. తమరికింకా 16 ఏళ్ల ఆయుష్షుంది.

పిల్లల సెలవులకు మేలో ఊటీ అడిగితే, మీది బ్లూ సీజన్, అంటే గిరాకీ లేని రోజుల ప్లాను, వానల్లో రమ్మన్నారు. వానల్లో అడిగితే రూముల్లేవు. వెళ్లినా, వెళ్లకపోయినా ఏఎంసీ కట్టాల్సిందే, దాని మీద జీఎస్టీ. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు.

సరే, అమ్మేద్దామని నెట్‌లో ప్రకటన పెట్టాను. మర్నాడే ఫోన్. "పార్టీ రెడీ సార్, నాలుగు లక్షలు." నేను కొన్నదే మూడుకి! తమ మెంబర్‌షిప్పు నంబరు కూడా, నేను చెప్పకుండానే, అతనే చదివి వినిపించాడు. "ఎన్‌వోసీ, అదే అభ్యంతరం లేదన్న పత్రం, దాని ఛార్జీ 18 వేలు ముందు కట్టండి, సొమ్ముతో కలిపి తిరిగొస్తుంది" అన్నాడు.

మా తాత ఒట్టిపోయిన గేదెల్ని సంతలో అమ్మేవాడు. దళారి తువ్వాలు కింద వేళ్లు నొక్కి బేరం తెంచేవాడు, తన వాటా అమ్మిన సొమ్ములోంచే తీసుకునేవాడు. గేదెనమ్ముకునేవాణ్ణే ముందు డబ్బు కట్టమంటే సంతంతా తిరగబడేది. నేనూ అదే అన్నాను: "నాలుగు లక్షల్లోంచి పట్టుకో నాయనా." రూల్సు ఒప్పుకోవట. పోనీ అని క్యూఆర్ కోడ్ పంపాడు, స్కాన్ చేసి పిన్ కొడితే అడ్వాన్సు పడుతుందట. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ ఎందుకయ్యా? పిన్ కొడితే పోవడమే. ఫోన్ పెట్టేసి, ఆ నంబరును ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్లో, మోసపు కాల్స్ మీద ఫిర్యాదులు తీసుకునే చక్షుకు అప్పగించాను. డబ్బే పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేవాణ్ణి.

అప్పుడు తీశాను అగ్రిమెంటు, తొమ్మిదేళ్లలో మొదటిసారి. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది సంగతి: కంపెనీ ఒప్పుకోవాలి, బాకీ ఉండకూడదు, ట్రాన్స్‌ఫర్ ఫీజు కంపెనీకే కట్టాలి. ఇక ఎవరు కొన్నా, సొమ్ము నా ఖాతాలో పడ్డాకే ట్రాన్స్‌ఫర్ ఫారం మీద సంతకం పెట్టాలనుకున్నాను. అంతటితో అయిపోలేదు. మెంబరు పేరు మారిందని కంపెనీ రాతపూర్వకంగా చెప్పేదాకా పలుపు నా చేతిలో ఉన్నట్టే, బిల్లు నాకే వస్తుంది.

కోర్టుకెళ్దామా అనీ ఆలోచించాను. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. కానీ వివాదం పుట్టిన రెండేళ్లలోపు వేయాలి. ఆ రెండేళ్లూ నేను ఊటీ రూము ఖాళీ అవుతుందేమోనని ఎదురుచూశాను.

నిన్న మా తోడల్లుడు వచ్చాడు. ఊటీ, కొడైకెనాల్, గోవా అని తమ గొప్పలు చెబుతుంటే కళ్లు మెరిశాయి. మీకైతే లక్షకిస్తానన్నాను. అంతలో మా ఆవిడ కాఫీ తెచ్చి, "ఏఎంసీ సంగతి చెప్పారా?" అంది.

చెప్పాను. కాఫీ బాగుందన్నాడు.

ఇట్లు,
ఇప్పటికీ తమ ఓనరు