తుడవడమా, తుడిచామనిపించడమా?

అక్కాతమ్ముళ్లిద్దరూ కలిసి చూసుకునే ఇంటి సర్వర్ అది. మిర్రర్‌గా, అంటే ఒకే డేటాని రెండింటిలోనూ ఉంచుతూ నడిచిన రెండు 8 టీబీ హార్డ్ డిస్కుల్ని ఖాళీ చేసి కొత్త జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్ (డిస్కుల్ని కలిపి ఒకే నిల్వగా నడిపే ఏర్పాటు) కట్టాలి. డేటా అంతా ఇంకో 8 టీబీ యూఎస్‌బీ డిస్కులోకి కాపీ చేశారు. ముందు డిస్కులంతటా సున్నాలు రాసి తుడవాలని అక్క, అక్కర్లేదని తమ్ముడు. నేను మొదటి నుంచీ అక్క పక్షమే. అయినా తమ్ముడన్న మాట ఒకటి కొట్టిపారేయలేకపోయాను.

తమ్ముడు: డిస్కులో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పార్టిషన్ టేబుల్ లేపేస్తే అయిపోయే పనికి ఇంత రాద్ధాంతమా అక్కా? డిస్కులు అమ్ముతున్నామా ఏంటి? మళ్లీ ఇదే పెట్టెలోకి పోతున్నాయిగా.

అక్క: లేపేశానని నువ్వనుకుంటావు. జీపీటీ అనే ఆ టేబుల్‌కి ఇంకో నకలు డిస్కు చివర్లో ఉంటుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ అయితే పూల్ గుర్తులుండే నాలుగు లేబుళ్లు రాస్తుంది, రెండు మొదట్లో, రెండు చివర్లో. ముందు భాగం ఒక్కటే చెరిపితే పాత పూల్ ఆనవాళ్లు అలాగే ఉండిపోతాయి.

తమ్ముడు: ఆ ఆనవాళ్లు చెరపడానికి జెడ్‌పూల్ లేబుల్‌క్లియర్ కమాండ్ ఉంది, వైప్‌ఎఫ్‌ఎస్ ఉంది. రెండు క్షణాల పని. మిగతా బైట్లు అక్కడే పడుంటే ఎవరికి నష్టం?

అక్క: ఆనవాళ్ల సంగతి ఒప్పుకున్నాను. కానీ నేను సున్నాలు రాయమంటున్నది ఎవరో చదివేస్తారని కాదురా. ఆ డిస్కుల్లో సగం చోటు ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోలేదు. ఎక్కడ చెడిందో చదవబోతేనో రాయబోతేనో తప్ప బయటపడదు. నిన్న స్మార్ట్ రిపోర్టు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తనే చెప్పే లెక్క, తీశాను. రెండో డిస్కులో పెండింగ్ సెక్టర్లు 8 ఉన్నాయి. అంటే అక్కడున్నది చదవడం డిస్కు వల్ల కాలేదు, అయినా చెడిపోయాయని ఇంకా తేల్చలేదు. వాటి మీద కొత్తగా రాస్తేనే సంగతి తేలుతుంది. రాత నిలిస్తే పెండింగ్‌లోంచి తీసేస్తుంది, నిలవకపోతే విడిగా ఉంచిన స్పేర్ సెక్టర్‌కి మారుస్తుంది, అలా మార్చినవాటి లెక్క చెప్పే రీఅలోకేటెడ్ అంకె పెరుగుతుంది. అది పెరుగుతూనే పోతే ఆ డిస్కుకి సెలవిచ్చేద్దాం. పూల్‌లో ఎక్కించి, ఫొటోలన్నీ నింపాక తెలిస్తే ఏం చేస్తాం?

తమ్ముడు: మరి పోయిన నెల ఆ ఎస్‌ఎస్‌డీ మీద మూడుసార్లు సున్నాలు రాశావు. అదీ పరీక్షేనా?

అక్క: అది నా తప్పే. ఎస్‌ఎస్‌డీలో దాన్ని నడిపే కంట్రోలర్ చిప్పు మన రాతల్ని ఎటెటో మళ్లిస్తుంది, మనకి కనపడని విడి చోటు కూడా ఉంచుకుంటుంది. సున్నాలు అక్కడిదాకా పోవు, సెల్స్ అరగడమే మిగులుతుంది. దానికి తనని తానే చెరుపుకోమనే సెక్యూర్ ఎరేజ్ కమాండ్ ఇవ్వాలి, ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ అయితే శానిటైజ్. హార్డ్ డిస్కుకైనా మూడుసార్లు అక్కర్లేదు. డేటా చెరపడం మీద పరిశోధన చేసిన పీటర్ గుట్మన్ 1996లో 35 సార్లని రాసింది అప్పటి రకరకాల డ్రైవులన్నిటినీ లెక్కలోకి తీసుకుని. ఇప్పటి డిస్కుకి ఒక్కసారి చాలు.

తమ్ముడు: ఆ ఒక్కసారికే లెక్క వెయ్యి. సెకనుకి సగటున 150 ఎంబీ అనుకున్నా 8 టీబీకి దాదాపు 15 గంటలు. తిరిగి చదివి సరిచూడాలంటావు, ఇంకో 15. ఈ 30 గంటలూ మన డేటా ఎక్కడుంటుంది? ఒకే ఒక్క యూఎస్‌బీ డిస్కులో. ఎవరి కాలో వైరుకి తగిలి అది కింద పడితే? డిస్కుకి పరీక్ష పెడుతున్నానంటున్నావు, గండం మాత్రం ఫొటోలకి.

(అక్క వెంటనే ఏమీ అనలేదు. నా దగ్గరా దీనికి జవాబు లేదు.)

అక్క: నిజమే. మిర్రర్ ఉందన్న ధీమాతోనే ఒకసారి పోగొట్టుకున్నాం.

తమ్ముడు: మళ్లీ ఆ ఫోల్డర్ గొడవ ఎత్తకు.

అక్క: ఎత్తకుండా ఎలా? నాన్న గొంతు రికార్డింగులు నీ చేతిలో డిలీటయ్యాయి. మిర్రర్ రెండో డిస్కులోనూ అప్పటికప్పుడే తీసేసింది.

తమ్ముడు: పాత స్థితిని దాచి ఉంచే స్నాప్‌షాట్లు పెడదామంటే చోటు చాలదన్నదెవరు?

అక్క: నేనే. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను. సరే, ఇలా చేద్దాం. పెండింగ్ సెక్టర్లున్న డిస్కుని మాత్రం డిటాచ్ చేసి తుడుద్దాం. మొదటిది ముట్టుకోవద్దు. అప్పుడు యూఎస్‌బీతో కలిపి రెండు కాపీలుంటాయి. తుడిచింది పరీక్షలో నెగ్గితే దాని మీద కొత్త పూల్ కట్టి, డేటా ఎక్కించి, చెక్‌సమ్‌లు (ఫైలు మారిందో లేదో పట్టించే అంకెలు) పోల్చి చూశాకే మొదటి దాన్ని తుడిచి అటాచ్ చేద్దాం.

తమ్ముడు: 30 గంటలు కాస్తా 60 దాటుతాయి.

అక్క: దాటనీ.

తమ్ముడు: సరే, సర్వర్ ఆ డిస్కుకి పెట్టిన పేరు ఎస్‌డీబీ కదా, దాని మీద తుడిచే కమాండ్ కొడుతున్నాను.

అక్క: ఆగు! ఎస్‌డీబీ అన్నది నిన్నటి మాట. యూఎస్‌బీ పెట్టి రీబూట్ చేశాం, పేర్లు మారి ఉండొచ్చు. సీరియల్ నంబర్ చదువు. ట్రేకి అంటించిన తెల్లటేపు మీద చివరి నాలుగూ పెన్నుతో రాశాను: కె, 7, ఎం, 2.

తమ్ముడు: ఇక్కడ ఎస్‌డీబీ... 8 టీబీ... చివర్లో 4, ఆర్, 9, పి.

అక్క: అది యూఎస్‌బీది. ఎంటర్ మీంచి వేలు తియ్యి. మొదటి అక్షరం నుంచి చదువు, నేను టేపు చూస్తూ ఉంటాను.