గుర్రపు డెక్క అల్లుడుగారికి మర్యాదలు

బెజవాడ కాలువలకు ఇల్లరికం వచ్చిన గుర్రపు డెక్కగారిని నిందించడం అన్యాయం. పువ్వు బాగుందని దక్షిణ అమెరికా నుంచి తెచ్చుకున్నది మనుషులే. ఊరి మురుగులోని నత్రజని, భాస్వరం విస్తరి నిండా వడ్డిస్తున్నదీ మనమే. కడుపునిండితే రెండు వారాల్లో రెట్టింపు కావడం ఆయన తప్పా?

అసలు ఘనకార్యం అడుగున ఉంది. ఆయన దుప్పటి కింద నీటికి వెలుగు అందదు, గాలి సోకదు. రాలిన ఆకు కుళ్ళుతూ మిగిలిన ఆక్సిజన్ కూడా మింగేస్తుంది. అంతవరకూ బురదలోని తుప్పురంగు ఇనుము భాస్వరాన్ని పిడికిట్లో బిగించి ఉంచుతుంది. ఆక్సిజన్ పోగానే ఇనుము కరుగుతుంది, పిడికిలి వదులవుతుంది. మామగారి బీరువా తాళాలు అల్లుడి మొలకు చేరినట్టే! ఇక మురుగు ఆపినా కొన్నేళ్ళు కూర్చుని తినొచ్చు.

బందరు కాలువ చివర ఉప్పు తగిలితే ఆయన బతకరు. పోతూ కూడా ఉపకారమే చేస్తారు. సముద్రపు నీటిలో సల్ఫేట్ దండి. గాలిలేని బురదలో కుళ్ళును తింటూ, ఆ సల్ఫేట్‌తో ఊపిరి పీల్చే బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. అదే కుళ్ళిన కోడిగుడ్డు కంపు. అది ఇనుమును నల్లగా కట్టేస్తే భాస్వరాన్ని పట్టుకునే నాథుడుండడు. మోతాదు మించితే మడ మొక్కల వేళ్ళకూ విషమే.

గట్టుమీద బావమరిది సర్కారు తుమ్మ గాలిలోని నత్రజనిని మట్టికి చేరుస్తుంటాడు. పేరులోనే సర్కారు ఉన్నవాణ్ణి కదిలించేదెవరు?

మన శుభ్రత కార్యక్రమమూ చూడముచ్చటే. పచ్చి డెక్కలో సుమారు 95 శాతం నీరు. 20 టన్నులు మోస్తే 19 టన్నుల నీటిని ఊరేగించినట్టు. అంత శ్రమ దేనికని గట్టుమీదే కుప్ప పోస్తాం. మొదటి వానకు సారం మళ్ళీ కాలువలోకి. మందు కొడితే ఇంకా సులువు: చచ్చి మునిగి, అక్కడే కుళ్ళుతుంది.

వాన నీరు కాలువకు తిరిగి రాని చోట ఆరబెట్టి, పేడ కలిపి ఎరువు చేయొచ్చు గానీ, అందులో ఫొటోకు ఏముంటుంది? ఆక్సిజన్ కొలిచేవారు కూడా తెల్లవారుజామున, డెక్క కిందే కొలవాలట, అది అడుగంటేది అప్పుడే కనుక. మనకు మధ్యాహ్నం, వంతెన పక్క తేట నీరే అచ్చొస్తుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం బురదలో దించి, పైకొస బిరడాతో బిగించి లాగితే పైన గోధుమరంగు పొర ఉందో (ఇనుము పిడికిలి ఇంకా బిగిసే ఉన్నట్టు), అంతా నలుపో (అది వదులైనట్టు) తెలిసిపోతుంది. అందుకే కాబోలు, టెండర్లలో జేసీబీ గంటలుంటాయి, గొట్టం ఉండదు.