బాక్స్ స్కోర్ గారికి ఒక మేనమామ విన్నపం

మహారాజశ్రీ బాక్స్ స్కోర్ గారి దివ్య సముఖానికి,

అనంతపురం రామ్‌నగర్ నుంచి ఒక మేనమామ నమస్కరించి రాసేది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో ఒక్కొక్కరూ ఏం చేశారో గళ్ళు కట్టి రాసే పట్టిక తమరు. మీరూ, మీ గళ్ళూ క్షేమంగానే ఉన్నారని నిన్న రాత్రి పదకొండున్నర నుంచి ఒంటిగంటంపావు దాకా కళ్ళారా చూశాం. ఆ మ్యాచ్ ఆడిన మా మేనకోడలు మాత్రం మీ దగ్గర అంత క్షేమంగా ఉన్నట్టు కనబడలేదు. అందుకే ఈ ఉత్తరం.

మ్యాచ్ యూరప్‌లో. టీవీలో రాలేదు, ఫోన్‌లో రాలేదు. పదహారేళ్ళ లోపు ఆడపిల్లల బాస్కెట్‌బాల్ చూపించే తీరిక ఎవరికుంటుంది? మాకు దిక్కు మీరే. ఎనిమిది మందిమి ఒక ఫోన్ చుట్టూ చేరి, బొరుగులు నములుతూ, మ్యాచ్‌ని చదివాం. సున్నా ఎప్పుడు ఒకటవుతుందా అని చూడటం మా జిల్లావాళ్ళకు కొత్తేమీ కాదు, ఏటా జూన్‌లో మబ్బుల్ని ఇలాగే చూస్తాం. మూడో క్వార్టర్‌లో మీరు ఒక చక్రం తిప్పుతూ పది నిమిషాలు మాయమయ్యారు. అది మన్నించాను. పిల్ల పేరుని ఒక్క ఇంగ్లీషు అక్షరానికి కుదించి ఇంటిపేరు మాత్రం నిలువెత్తున వేశారు. మా బావ మురిసిపోయాడు గానీ, "ఇది మన పిల్లేనా, వాళ్ళ పెదనాన్నా?" అని మా అమ్మ అడిగింది. అదీ మన్నించాను.

చివరికి మీరు దయచేసిన వరుస ఇది. ఆడింది 6 నిమిషాల 12 సెకన్లు. పాయింట్లు 0, రీబౌండ్లు (తప్పిన షాట్ బంతి పట్టుకోవడం) 0, అసిస్టులు (బుట్టలో పడే షాట్‌కి బంతి అందించడం) 0, స్టీల్స్ (ఎదుటివాళ్ళ బంతి లాక్కోవడం) 0, బ్లాకులు (ఎదుటివాళ్ళ షాట్ అడ్డుకోవడం) 0. టర్నోవర్లు (బంతి పోగొట్టుకోవడం) 1. ఫౌళ్ళు 1. ఎఫిషియెన్సీ మైనస్ 1.

"మైనస్ ఏందిరా?" అంది అక్క. "ఇదేమన్నా జేఈఈనా?"

పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, స్టీల్స్, బ్లాకులు అన్నీ కూడి, అందులోంచి గురితప్పిన షాట్లు, గురితప్పిన ఫ్రీత్రోలు, టర్నోవర్లు తీసేస్తే వచ్చేదే ఎఫిషియెన్సీ అని చెప్పాను. ఐదు సున్నాలు కూడి ఒకటి తీసేస్తే అంతే కదక్కా అన్నాను. లెక్క తప్పని మేమెవ్వరమూ అనలేదు. అక్క బొరుగుల గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. పక్కింటాయన "పాపం, తీసుకుపోవడమే గొప్పలే" అని ఓదార్చి చెప్పులు వేసుకున్నాడు. ఆ ఓదార్పు మీరు పెట్టిన భిక్షే.

పొద్దున జట్టులోని ఇంకో పిల్ల తండ్రి వాట్సాప్‌లో వీడియోలు పంపాడు. మొదటిది పదకొండు సెకన్లు ఉంటుంది. మావాళ్ళ పిల్ల బంతి ఆడిస్తూ కుడివైపు వస్తోంది. మాది పరుగున వచ్చి, రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, గుంజ పాతినట్టు ఆగిపోయింది. ఎదుటివాళ్ళకి అడ్డంగా కదలకుండా నిలబడి మనవాళ్ళకి సందివ్వడాన్ని స్క్రీన్ పెట్టడం అంటారని మీకు నేను చెప్పాలా! ఎదుటి పిల్ల మాదానికన్నా జానెడు పొడుగు. చూసుకోకుండా దూసుకొచ్చి భుజానికి గుద్దుకుంది. ఫోన్‌లో కూడా ఆ చప్పుడు వినబడింది. ఆ సందులో బంతి ఒక మూలకు పోయింది, అక్కడున్న అమ్మాయి గీత అవతల నుంచి వేసింది, పడింది. మూడు పాయింట్లు.

మరి మీరేం రాశారు? వేసినదానికి 3. అందించినదానికి అసిస్ట్ 1. గుద్దించుకున్నదానికి 0.

వీడియో కాల్‌లో టీషర్ట్ మెడ పక్కకు లాగి చూపించింది. నేరేడు పండంత కమిలి ఉంది. ఆ నేరేడు పండుకి మీ గళ్ళలో చోటెక్కడ సార్?

అసలు మంట అది కూడా కాదు. వీడియోలన్నీ కలిపి నాలుగు స్క్రీన్లు లెక్కపెట్టాను. మూడింటికి మీ కలం కదల్లేదు. నాలుగోసారి కాలు జరిగిందని రిఫరీ విజిల్ వేశాడో లేదో, ఎక్కడలేని చురుకు వచ్చేసింది. అటాక్‌లో చేసిన ఫౌల్ కాబట్టి ఫౌళ్ళలో ఒకటి, బంతి పోయింది కాబట్టి టర్నోవర్లలో ఇంకొకటి. ఇంకా "మీరు" అంటుంటే నా నోరే చేదుగా ఉంది, ఇకమీదట నువ్వే. మూడు సార్లు సరిగ్గా నిలబడితే ఒక్క గడి లేదు, ఒక్కసారి తప్పు చేస్తే రెండు గళ్ళా? ఏ బడిలో నేర్చుకున్నావయ్యా ఈ పద్దు? అదే స్క్రీన్ కదా! సరిగ్గా పెడితే కనబడని కన్నుకి తప్పుగా పెడితే ఎట్లా కనబడింది?

మా బావకి కళ్యాణదుర్గం దగ్గర ఆరెకరాల శనక్కాయ. అంతా విని ఒక మాటన్నాడు. "ఏమప్పా, ఇది మా రెయిన్ గేజ్ మాదిరే ఉందే. అది ఉండేది మండలం ఆఫీసు కాడ. ఆడ నాలుగు చినుకులు పడితే మా చేన్లో పడినట్టే రాసుకుంటారు. ఊడలు దిగలేదు చూడండి సామీ అని చెట్టు పీకి చూపించినా, పుస్తకంలో వాన ఉంది పో అంటారు." ఇన్సూరెన్స్ కోసం తిరిగి తిరిగి చెప్పులరిగినవాడు, నీ స్వభావం మాకన్నా ముందే పట్టేశాడు.

నీ వంశచరిత్ర నాకు తెలియక కాదు. 1891లో ఈ ఆట పుట్టించిన నైస్మిత్ మాస్టారు పీచ్ పళ్ళ బుట్టలు బాల్కనీకి కొట్టి తొమ్మిదేసి మందిని ఆడిస్తే మొదటి ఆట 1–0తో ముగిసింది. ఆ రోజు నువ్వు ఉంటే పద్దెనిమిది మందిలో పదిహేడు మందికి సున్నాలు పంచి ఇంటికి పంపేవాడివి. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో బిల్ రస్సెల్ 13 సీజన్లాడి 11 టైటిళ్ళు గెలిచాడు. ఎదుటివాళ్ళ షాట్లు గాల్లోనే కొట్టేయడంలో మహా ఘనుడు. ఎన్ని కొట్టేశాడయ్యా అంటే నీ దగ్గర జవాబు లేదు. ఎన్‌బీఏలో బ్లాకులూ స్టీల్సూ లెక్కపెట్టడం మొదలైంది 1973–74లో, ఆయన ఆట మానేసింది 1969లో. అంతటివాడికే గడి కట్టలేనివాడివి, మా రామ్‌నగర్ పిల్లకి కడతావా? పోనీ చేతకాదా అంటే, చేతనవును. అదే ఎన్‌బీఏ 2016 నుంచి స్క్రీన్ పెట్టినందువల్ల పడిన బుట్టలు, చెయ్యి తగిలి దారితప్పిన పాసులు, నేలమీద పడి పట్టుకున్న బంతులు కూడా లెక్కపెడుతోంది. కోట్లు సంపాదించేవాళ్ళ చెమటకు గడి ఉంది. పిల్లల చెమటకు తువ్వాలే గతి.

ఒక్క గడి గురించి మాత్రం నీకు దణ్ణం పెట్టాలి. కుడివైపు చివర్లో, ఎవరూ చూడని మూల, ప్లస్ మైనస్ అని ఉంటుంది. జట్టు 19 పాయింట్ల తేడాతో ఓడిపోయిన మ్యాచ్‌లో మాదాని ఎదురుగా ప్లస్ 6 ఉంది. అది కోర్టులో ఉన్నంతసేపు మనవాళ్ళే ఆరు పాయింట్లు ఎక్కువ వేశారన్నమాట. ఆరు నిమిషాల ప్లస్ మైనస్‌ని ఎంతవరకు నమ్మాలో ఆడినవాడిగా నాకూ తెలుసు, పక్కన ఆడినవాళ్ళ పుణ్యం కూడా అందులో ఉంటుంది. అయినా పొద్దున అక్కకి చూపించాను. పక్కింటాయనకి గోడ మీదుగా చూపించాను. పాలుపోసేవాడు అడగలేదు, వాడికీ చూపించాను.

మధ్యాహ్నం సప్తగిరి సర్కిల్ దాకా వెళ్ళి నిన్ను కలర్‌లో ప్రింట్ తీయించుకొచ్చాను. పది రూపాయలు. ప్లస్ మైనస్ పక్కన స్కేలు పెట్టి పెన్సిల్‌తో ఇంకో నిలువు గీత గీసి, పైన "స్క్రీన్లు" అని రాసి, మాదాని వరుసలో 3 వేశాను. మిగతా పిల్లలవీ వేద్దామని మళ్ళీ వీడియోలు పెట్టుకున్నాను.

అప్పుడే అది ఫోన్ చేసింది. సున్నాల గురించి ఊసే లేదు. "మామా, నాలుగోది ఫౌల్ కాదు మామా. నా కాలు కదల్లేదు, ఒట్టు."

అవును తల్లీ, కదల్లేదు అన్నాను.

పన్నెండు సార్లు చూశాను. ఎడమకాలు బొటనవేలంత జరిగింది. అది మాత్రం నువ్వు సరిగ్గానే రాశావు. ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండనీ.

ఇట్లు,
ఆ పిల్ల మేనమామ